డబ్బా అడుగున ఉండే నంబరు: ఇన్‌ఫార్మ్డ్ స్పోర్ట్ సేవపై సమీక్ష

జిల్లా, రాష్ట్ర స్థాయి పోటీలకు సిద్ధమయ్యే క్రీడాకారులూ వారి తల్లిదండ్రులూ సప్లిమెంటు డబ్బా చేతిలో పట్టుకుని అడిగే ప్రశ్న ఒక్కటే: ఇందులో నిషేధిత పదార్థం ఏదైనా ఉందా? లేబుల్ చదివి దీనికి జవాబు చెప్పడం ఎవరి తరమూ కాదు. అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ ఆర్థిక సాయంతో జర్మనీలోని కొలోన్ డోపింగ్ పరీక్షల ప్రయోగశాల 2000, 2001 సంవత్సరాల్లో 13 దేశాల నుంచి సేకరించిన 634 సప్లిమెంట్లను పరీక్షించగా, 94 ఉత్పత్తుల్లో లేబుల్ మీద ఎక్కడా రాయని అనబాలిక్ స్టెరాయిడ్లు (కండలు పెంచే నిషేధిత హార్మోన్లు) బయటపడ్డాయి. ఆ లెక్క పాతదే గాని, కారణం పాతబడలేదు. హార్మోన్ ఉత్పత్తులు తయారుచేసిన యంత్రాల మీదే మామూలు పొడులను కూడా నింపే చోట, కంటికి కనిపించని శేషం సైతం మూత్ర పరీక్షలో పట్టుబడవచ్చు.

బ్రిటన్‌కు చెందిన ఎల్‌జీసీ సంస్థ నడిపే ఇన్‌ఫార్మ్డ్ స్పోర్ట్ ఈ చిక్కుకే ఉద్దేశించిన సేవ. డబ్బా మీద ఈ సేవ ముద్ర ఉన్న ఉత్పత్తి విషయంలో, తయారైన ప్రతి బ్యాచ్‌నూ మార్కెట్‌లోకి వదలకముందే నిషేధిత పదార్థాల కోసం పరీక్షిస్తారు. వెబ్‌సైట్‌లో ఉత్పత్తి పేరు వెతికితే, పరీక్షకు నిలిచిన బ్యాచ్‌ల జాబితా కనిపిస్తుంది. మన చేతిలోని డబ్బా అడుగునో మూత అంచునో ముద్రించిన నంబరు ఆ జాబితాలో ఉందో లేదో పోల్చి చూసుకోవాలి. ఇందుకు రుసుమేమీ లేదు. నా దృష్టిలో ఈ సేవ విలువంతా ఆ జాబితాలోనే ఉంది. ముద్ర బొమ్మను ఎవరైనా అచ్చు వేయించుకోగలరు.

ఇక్కడ చాలామంది పొరబడే అంశం ఒకటుంది. ఇదే సంస్థ ఇన్‌ఫార్మ్డ్ చాయిస్ అనే మరో ముద్ర కూడా ఇస్తుంది. చూడటానికి రెండూ ఒకే కుటుంబంలా కనిపించినా, రెండో దానిలో ప్రతి బ్యాచ్‌నూ పరీక్షించరు. దుకాణాల్లో దొరికే సరుకు నుంచి నెలనెలా నమూనాలు తీసుకుంటారు. వ్యాయామశాలకు వెళ్లే సామాన్యులకు అది సరిపోతుంది. డోపింగ్ పరీక్షకు పిలుపు వచ్చే అవకాశమున్న క్రీడాకారులు మాత్రం మొదటి దానికే పట్టుబట్టాలి.

సేవ ఎంత పకడ్బందీగా ఉన్నా, మన దగ్గర కొనే పద్ధతి దాన్ని నీరుగారుస్తోంది. పెద్ద డబ్బా ఒకటి కొని నలుగురూ కవర్లలో పంచుకోవడం, జిమ్ ట్రైనర్ విడిగా తూచి ఇచ్చిన పొడి వాడటం మామూలే. ఆ పొట్లానికి బ్యాచ్ నంబరు ఎక్కడిది? ఒక దుకాణంలోనైతే సరిగ్గా ఆ నంబరు మీదే ధర చీటీ అంటించి ఉండటం చూశాను. ఆహార భద్రతను చూసే కేంద్ర సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఇచ్చిన లైసెన్సు నంబరు చూపించి ధైర్యం చెప్పే అమ్మకందారులూ ఉన్నారు. ఆ 14 అంకెలు తయారీదారుకు అనుమతి ఉందని చెబుతాయే తప్ప, ఆ బ్యాచ్‌ను డోపింగ్ పదార్థాల కోసం పరీక్షించారని చెప్పవు.

ముద్ర ఉన్నంత మాత్రాన పూర్తి రక్షణ దొరికినట్టు కాదు. ప్రయోగశాల తాను వెతికిన పదార్థాల గురించే చెప్పగలదు; శరీరంలో ఏం దొరికినా బాధ్యత క్రీడాకారుడిదేనన్నది ప్రపంచ యాంటీ డోపింగ్ నియమావళి మూలసూత్రం. 2011లో మన మహిళా రిలే పరుగుల బృందంలోని ఆరుగురు స్టెరాయిడ్లతో పట్టుబడి, కోచ్ ఇచ్చిన జిన్సెంగ్ సప్లిమెంటే కారణమని వాదించారు. జాతీయ డోపింగ్ క్రమశిక్షణ ప్యానెల్ ఏడాది నిషేధంతో సరిపెట్టినా, 2012లో క్రీడా ఆర్బిట్రేషన్ న్యాయస్థానం దాన్ని రెండేళ్లకు పెంచింది. కోచ్ మీద నమ్మకాన్ని జాగ్రత్త కింద జమకట్టరని అప్పుడే తేలిపోయింది. కలుషితమైన ఉత్పత్తి వల్లే జరిగిందనీ, తన వైపు పెద్ద నిర్లక్ష్యం లేదనీ నిరూపించుకోగలిగితే, ప్రస్తుత నియమావళి ప్రకారం శిక్ష మందలింపు నుంచి రెండేళ్ల నిషేధం దాకా ఉండవచ్చు. బ్యాచ్ జాబితాను స్క్రీన్‌షాట్ తీసి, బిల్లుతో పాటు దాచుకోవడం అక్కడ అక్కరకొస్తుంది. నమూనా ఇచ్చేటప్పుడు గత ఏడు రోజుల్లో వాడిన మందులు, సప్లిమెంట్ల పేర్లు రాయమంటారు గనుక, ఆ వివరాలు ఫోనులో ఉంటే తడుముకోవలసిన పని ఉండదు.

లోటుపాట్లలో మొదటిది భాష. తెలుగు మాధ్యమంలో చదివి క్రీడా పాఠశాలల నుంచి వచ్చిన పిల్లలకు ఈ వెబ్‌సైట్‌ను ఎవరో ఒకరు దగ్గరుండి చూపించాలి. రెండోది, ఇది మందులకు పనికిరాదు. దగ్గు మందులోని టెర్బ్యుటలిన్ అనే నిషేధిత పదార్థం కారణంగా 2019లో క్రికెటర్ పృథ్వీ షాకు ఎనిమిది నెలల నిషేధం పడింది. అలాంటి సందేహాలకు జాతీయ డోపింగ్ నిరోధక సంస్థ (నాడా) వారి నో యువర్ మెడిసిన్ యాప్‌నూ, క్రీడా వైద్యుణ్నీ ఆశ్రయించాలి. ముద్ర ఉన్న సరుకు ఖరీదు సాధారణంగా ఎక్కువే.

జాతీయ స్థాయి శిబిరాలకు వెళ్లేవారికి ఈ సేవను నిస్సంకోచంగా సిఫారసు చేస్తాను. పాఠశాల స్థాయి పిల్లలకైతే ఆ డబ్బుతో గుడ్లు, పాలు, పల్లీలు కొనిపెట్టమంటాను. వాటికి బ్యాచ్ నంబరు వెతకక్కర్లేదు.