నాలుగేళ్లుగా గూగుల్ వన్ 100 జీబీ: ఫోన్ పోయాక తెలిసిన సంగతులు

2021 జూన్ 1 దాకా గూగుల్ ఫొటోస్‌లో, సైజు కాస్త తగ్గించి దాచుకుంటే, ఎన్ని ఫొటోలైనా ఉచితమే. ఆ రోజు నుంచి కొత్తగా ఎక్కించేవన్నీ గూగుల్ ఉచితంగా ఇచ్చే 15 జీబీ లెక్కలోకి వచ్చాయి. జీమెయిల్, డ్రైవ్ కూడా అందులోనే సర్దుకోవాలి. మా పాప అప్పటికి ఏడాది పిల్ల. రోజుకు ఇరవై ఫొటోలు తీసేవాళ్లం, కొన్ని నెలలకే నిండిపోయింది. డబ్బు కట్టి ఎక్కువ చోటు తీసుకునే గూగుల్ వన్‌లో, ఏడాదికి 1,300 రూపాయలకు 100 జీబీ ప్లాన్ తీసుకున్నాను.

నిరుడు సికింద్రాబాద్ స్టేషన్‌లో రైలెక్కే తోపులాటలో జేబులోంచి ఫోన్ కొట్టేశారు. సాయంత్రానికి డూప్లికేట్ సిమ్ వచ్చింది. కానీ సిమ్ మార్చాక 24 గంటలపాటు ఎస్సెమ్మెస్‌లు ఆపేస్తారు. మన నంబరు ఎవరూ కాజేయకుండా పెట్టిన నిబంధన అది. ఓటీపీ రాకపోతే అకౌంట్‌లోకి వెళ్లేదెలా? నన్ను ఆదుకున్నవి బ్యాకప్ కోడ్లు. పాస్‌వర్డ్ తర్వాత మరో రుజువు కూడా అడిగే టూ స్టెప్ వెరిఫికేషన్ పెట్టుకుంటే గూగుల్ ఎనిమిది అంకెల కోడ్లు పది ఇస్తుంది, ఒక్కోటి ఒక్కసారే పనిచేస్తుంది. వాటిని పాల లెక్కలు రాసే నోటు పుస్తకం చివరి పేజీలో రాసి పెట్టాను. మా ఆవిడ చదువుతుంటే కొత్త ఫోన్‌లో కొట్టాను. నిమిషాల్లో కాంటాక్టులు వచ్చేశాయి, ఫొటోస్ తెరిస్తే పాప మొదటి పుట్టినరోజు దగ్గర్నుంచీ అన్నీ ఉన్నాయి.

నా టెన్షన్ అంతా వాట్సాప్ గురించే. నాన్న చనిపోవడానికి వారం ముందు పంపిన వాయిస్ మెసేజ్ అందులో ఉంది. "ఒరే, కొబ్బరికాయలు బస్సులో వేశాను, పొద్దున్నే వెళ్లి తీసుకో." అంతే. వాట్సాప్ బ్యాకప్ తిరిగి రావాలంటే అదే నంబరు, అదే గూగుల్ అకౌంట్ ఉండాలి. మర్నాడు ఓటీపీ వచ్చాక, బ్యాకప్‌కు తాళంలా నేను పెట్టుకున్న ఎన్‌క్రిప్షన్ పాస్‌వర్డ్ కూడా కొట్టాను. ఆ పాస్‌వర్డ్ మర్చిపోతే బ్యాకప్‌ను వాట్సాప్ వాళ్లు కూడా తెరవలేరు. అందుకే అదీ ఆ పుస్తకంలోనే రాసి ఉంది. నాన్న గొంతు వినబడ్డాక గానీ ఊపిరి పీల్చుకోలేదు.

పోయినవీ ఉన్నాయి. వాట్సాప్ బ్యాకప్ సెట్టింగ్స్‌లో వీడియోలు కలిపే ఆప్షన్ నేను ఆన్ చేయలేదు, మేనకోడలి పెళ్లి వీడియోలు దక్కలేదు. ఫొటోస్ యాప్ కూడా కెమెరా ఫొటోలనే తనంతట తాను దాస్తుంది. స్క్రీన్‌షాట్లు, డౌన్‌లోడ్ ఫోల్డర్లు కావాలంటే విడిగా ఆన్ చేసుకోవాలి. ఈ రెండూ ఇవాళే చూసుకోండి.

ఇంకో సంగతి. ఫోన్ నిండిందని మా వదిన ఫొటోస్ యాప్‌లోనే రెండు వందల ఫొటోలు డిలీట్ చేసింది. అలా చేస్తే ఫోన్‌లోనూ, క్లౌడ్‌లోనూ (గూగుల్ దగ్గర దాచినవి) పోతాయి. బ్యాకప్ అయినవి ట్రాష్‌లో 60 రోజులు ఉంటాయి కాబట్టి వెనక్కి తెచ్చాం. ఫోన్‌లో మాత్రమే ఖాళీ కావాలంటే 'ఫ్రీ అప్ స్పేస్' నొక్కాలి.

గూగుల్ ఫొటోస్‌కు వాట్సాప్ బ్యాకప్‌లా మన దగ్గర మాత్రమే తాళం ఉండే ఎన్‌క్రిప్షన్ లేదు. అందుకని బ్యాంకు కాగితాల ఫొటోలు అందులో ఉంచను. ఆరు నెలలకోసారి, గూగుల్‌లో ఉన్న మన డేటా దించుకునే గూగుల్ టేకౌట్‌తో అన్నీ దించి హార్డ్ డిస్కులో వేస్తున్నాను. నాన్న మెసేజ్ చెల్లెలి లాప్‌టాప్‌లో కూడా ఒక కాపీ ఉంది.