ఒకే దారి పట్టేవారు, అన్నింట్లో వేలుపెట్టేవారు

వికీపీడియాలో ఇద్దరు అగ్నిపర్వతాల పేజీ తెరిచారనుకోండి. ఒకరు అక్కణ్ణుంచి లావాకి, లావా నుంచి బసాల్ట్ రాయికి, ఆపైన భూఫలకాల కదలికకి వెళ్తారు. ఇంకొకరు అగ్నిపర్వతం బూడిదలో కూరుకుపోయిన పాత రోమన్ నగరం పాంపేకి, అక్కడి గోడలమీది బొమ్మలకి, రంగుల తయారీకి, చివరికి ఊదారంగునిచ్చే నత్తల దగ్గర తేలతారు. పరిశోధకులు మొదటివారిని వేటగాళ్లంటారు. రెండోవారు అన్నింట్లో వేలుపెట్టే రకం.

డేవిడ్ లిడన్-స్టేలీ, డానీ బాసెట్ బృందం 2021లో ప్రచురించిన అధ్యయనంలో 149 మంది 21 రోజులు, రోజుకు 15 నిమిషాల చొప్పున వికీపీడియా చదివారు. చదివిన పేజీలను చుక్కలుగా, వాటి మధ్య సంబంధాలను గీతలుగా గీస్తే వేటగాళ్ల వల బిగుతుగా ఉంటుంది, రెండోవారిది వదులుగా. ఏదో తెలియడం లేదంటే ఆ వెలితి పూడేదాకా టెన్షన్ పడే మనుషులు అల్లేది ఎక్కువగా బిగుతు వలే.

అయితే ఇది నుదుటి రాత కాదు. కొత్తదనం మీదికి మామూలుకన్నా ఎక్కువ మనసు పోయిన రోజున అదే మనిషి వల వదులవుతుంది. 2024లో 50 దేశాల్లోని 4,82,760 మంది పాఠకుల దారులు చూసినప్పుడు మూడో రకం కూడా కనిపించింది: దూరంగా ఉన్న విషయాలను గంతులేసి కలిపే నర్తకులు.

ఒక చిక్కు విప్పాలంటే వేటగాడి పద్ధతే నయం. ఏ చిక్కు విప్పాలో ఇంకా తేలనప్పుడు మాత్రం నా ఓటు రెండోవారికే. వాళ్లను కాలక్షేపం బాపతు కింద కొట్టిపారేయడం అన్యాయం.