ఆయిస్టర్లకని వూవ్రే వైన్ కొంటున్నారా, జాగ్రత్త: లేబుల్ మీద "సెక్" ఉందో లేదో చూసుకోండి

పారిస్ చుట్టుపక్కల ఉండే మన తెలుగు వాళ్ళకి ముఖ్యంగా చెప్తున్నా, క్రిస్మస్ దగ్గరకొస్తోంది, ఆయిస్టర్లు (పచ్చిగా తినే సముద్రపు చిప్పలు) తెచ్చుకునేవాళ్ళు చాలామంది ఉంటారు, నాకు జరిగినట్టు మీకు జరక్కూడదు.

మొన్న ఆదివారం మార్కెట్లో 3వ నెంబరు (మధ్య సైజు) ఆయిస్టర్లు రెండు డజన్లు తీసుకున్నా. ఆఫీసు ఫ్రెండ్స్ ఇద్దరు, ఫ్రెంచ్ వాళ్ళే, భోజనానికొస్తున్నారు, మంచి డ్రై వైట్ వైన్, అంటే తీపి లేనిది, పెడదామని వైన్ షాపుకెళ్ళి "ఆయిస్టర్లకండీ, బాగా డ్రైగా ఉండాలి" అని ఒకటికి రెండుసార్లు చెప్పా. షాపాయన వూవ్రే తీసిచ్చి ఇది డ్రైయే, ఏం ఆలోచించకండి అన్నాడు. బాటిల్ 14 యూరోలు, మూడు తీసుకున్నా. లేబుల్ మీద ఊరి పేరు, సంవత్సరం, తయారుచేసినాయన పేరు, అంతే, తీపో కాదో ఎక్కడా రాసి లేదు.

ఇంటికొచ్చి అరగంట సేపు చాకుతో చిప్పలు ఒక్కోటీ విప్పి, నిమ్మకాయ పిండి, మొదటిది నోట్లో వేసుకుని ఒక గుక్క తాగానో లేదో, ఆ సముద్రం ఉప్పు మీద తేనె పోసినట్టయింది, నీచు వాసన ఒక్కసారిగా పైకొచ్చేసింది. మా ఫ్రెండ్ ఏమీ అనకుండా గ్లాసు పక్కన పెట్టి మంచినీళ్ళు తాగాడు. నాకు ప్రాణం ఉసూరుమంది.

మర్నాడు షాపుకెళ్తే వైన్ పాడవలేదు కదా, వాపసు తీసుకోం అన్నాడు. 14 రోజుల్లో వెనక్కిచ్చే హక్కు ఆన్‌లైన్ ఆర్డర్లకే, షాపులో స్వయంగా కొన్నదానికి ఉండదు, అది నాకూ తెలుసు, కానీ డ్రై అని చెప్పి అమ్మింది ఆయనే కదా, అక్కడే మండింది.

అసలు సంగతేంటంటే వూవ్రే అనేది తూర్ నగరం పక్కన లోవార్ నది ఒడ్డున ఉండే ఊరు, అక్కడ షెనిన్ అనే ద్రాక్షతోనే పూర్తి డ్రై నుంచి బాగా తీపి దాకా అన్నీ చేస్తారు, ఎండ బాగా కాసిన ఏడాది పండులో చక్కెర ఎక్కువ, తీపి రకాలూ ఎక్కువ. అందుకే పేరు చూసి కొనకండి. "సెక్" అంటే లీటరుకి 4 గ్రాముల లోపు చక్కెర, పులుపు గట్టిగా ఉంటే 9 దాకా ఒప్పుకుంటారు. "దెమీ-సెక్" అంటే తీపి తెలుస్తుంది. ఎవరైనా "సెక్ తాంద్ర్" అంటే అందులోనూ కాస్త తీపి ఉన్నట్టే, ఆయిస్టర్లకి వద్దు.

ఆయిస్టర్లకైతే నాంత్ నగరం వైపు నుంచొచ్చే ముస్కాదే అనే డ్రై వైట్ తీసుకోండి, "సెవ్ర్-ఎ-మేన్ సుర్ లీ" అని ఉన్నది. సుర్ లీ అంటే చలికాలమంతా ఈస్ట్ మడ్డి మీదే ఉంచి బాటిల్లో పోస్తారు, దానివల్ల పల్చగా ఉన్నా రుచి నిలుస్తుంది. పేరు చూసి తీపి మస్కట్ అనుకోకండి, ద్రాక్షే వేరు. షాబ్లీ అనే వైట్ వైన్ కూడా బాగుంటుంది కానీ ధర ఎక్కువ. మేక పాల చీజ్ పెడుతుంటే మాత్రం సాన్సేర్ అనే వైట్ వైన్.

మిగిలిన రెండు వూవ్రే బాటిళ్ళలో ఒకటి నిన్న కోడి వేపుడుతో తీశా, కారానికి ఆ తీపి చక్కగా సరిపోయింది. అదే డ్రై వైన్ అయితే మన కారంతో నోరు ఇంకా మండుతుంది. రెండోది ఉంచా, మా చెల్లి వస్తే గోంగూర రొయ్యలు చేస్తానంది.