పాట పోయిన వేణువు, ముగియని పాట

ఈ వేణువూ, ఈ పాటా రెండూ జర్మనీలోనే ఉన్నాయి. ఒకటి 2008లో హోలే ఫెల్స్ గుహలో దొరికిన పిల్లనగ్రోవి. రాబందు రెక్క ఎముకతో చేశారు. పొడవు దాదాపు 22 సెంటీమీటర్లు, వయసు 35,000 ఏళ్ల పైమాటే. 12 ముక్కలుగా దొరికితే అతికించారు. వేళ్లు ఆనడానికి ఐదు రంధ్రాలున్నాయి. దగ్గర్నుంచి చూస్తే వాటి పక్కనే సన్నటి గీతలు. రంధ్రం ఎక్కడ పెట్టాలో కొలుచుకుని గీసినవి కాబోలు! మంచుయుగపు చలిలో ఎవరో ఇంత ఓపిగ్గా కూర్చుని స్వరాలు కుదుర్చుకున్నారంటే ఒళ్లు జలదరిస్తుంది. ఏ పాట వాయించారో మాత్రం ఎప్పటికీ తెలియదు.

రెండోది హాల్బర్‌స్టాట్‌లోని పాత చర్చిలో మోగుతున్న రచన, అమెరికన్ స్వరకర్త జాన్ కేజ్ ఆర్గన్ (గొట్టాల్లోకి గాలి పంపి మోగించే మీటల వాద్యం) కోసం రాసినది. వీలైనంత నెమ్మదిగా వాయించమన్నది ఆయన సూచన. దాన్ని 639 ఏళ్లకు సాగదీశారు. 2001లో మొదలైంది, 2640లో ముగియాలి. మొదటి 17 నెలలూ నిశ్శబ్దమే. మీటల్ని నొక్కి ఉంచే ఇసుక సంచుల బరువుతో స్వరం ఆగకుండా మోగుతుంది.

వేణువు విషయంలో పాట పోయి వాద్యం మిగిలింది. ఇక్కడ పాటంతా కాగితం మీద ఉంది, మొత్తం వినే మనిషే ఉండడు. రెండూ నాకు ఇష్టమే. కానీ ఒకటే ఎంచుకోమంటే ఎముక వేణువే. ఆర్గన్‌లో ఒక గొప్ప ఆలోచన వినిపిస్తుంది, ఆ గీతల్లో మాత్రం ఒక మనిషి చెయ్యి కనిపిస్తుంది.