పాలమూరు నర్సరీ దానిమ్మ, కులూ చలి

మహబూబ్‌నగర్ నుంచి జడ్చర్ల వెళ్లే దారిలో ఉన్న ఒక నర్సరీలో నిరుడు సెప్టెంబరులో ఆరు భగువా దానిమ్మ మొక్కలు కొన్నాను. రెండు మా పెరటికి, నాలుగు మా తమ్ముడికి. ప్రాజెక్టు ఎక్కడ కడితే అక్కడ పాలమూరు మనిషి ఉంటాడన్న మాటకు తగ్గట్టే వాడు హిమాచల్ ప్రదేశ్‌లోని కులూ జిల్లాలో, సముద్రమట్టానికి సుమారు 1,500 మీటర్ల ఎత్తున, ఒక జలవిద్యుత్ సొరంగం పనిలో ఉన్నాడు. క్వార్టర్ ముందు కొంత ఖాళీ జాగా ఉంది. ఒకే రోజు కొన్న ఒకే రకం మొక్కలు రెండు వాతావరణాల్లో పెరిగినందువల్ల మొక్కకు ఒక మార్కు, సలహాకు ఇంకొక మార్కు వేయవలసి వస్తోంది.

మొక్కల విషయంలో నాకు ఏ ఫిర్యాదూ లేదు. అన్నీ గూటీ అంట్లు, అంటే కొమ్మకు చెట్టు మీదే వేర్లు పుట్టించి కోసి నాటినవి. సంచి అడుగు కోసి చూస్తే వేర్లు చుట్టలు చుట్టుకోకుండా తెల్లగా మట్టిని పట్టుకుని ఉన్నాయి. ఆకుల మీద నూనె మరకల వంటి మచ్చలు లేవు. దానిమ్మ తోటలను నిలువునా ముంచే బాక్టీరియా తెగులు చాలాసార్లు అంటు మొక్కలతోనే కొత్త చోటికి చేరుతుంది కాబట్టి నేను మొదట వెతికేది ఆ మచ్చలనే. మొక్క ధర 60 రూపాయలు. మా ఎర్ర చెల్కలో నాటిన రెండూ ఇప్పుడు నా భుజం దాకా వచ్చాయి.

చిక్కంతా సలహాతోనే వచ్చింది. నర్సరీ యజమాని తెలియని మనిషి కాదు. బాలానగర్ సీతాఫలం గురించి అడిగితే బేరం పక్కన పెట్టి అరగంట చెబుతాడు. అయితే మొక్కలు కులూకు వెళుతున్నాయనీ, అక్కడ చలికాలంలో రాత్రి ఉష్ణోగ్రత సున్నా కిందికి దిగుతుందనీ చెప్పినప్పుడు ఆయన, “దానిమ్మ సార్, రాయి మీద పెట్టినా బతుకుతది” అని నవ్వి, నెలకొకసారి పిడికెడు వేయమని ఒక చిన్న యూరియా పొట్లం చేతిలో పెట్టాడు. ఈ సలహా మన నేలకు, మన వానాకాలానికి సరిపోతుంది. తమ్ముడు అక్టోబరు మొదట్లో అక్కడ నాటి, చెప్పినట్టే రెండు నెలలు యూరియా వేసి, నీళ్లు పోశాడు. మొక్కలు లేత ఎర్రటి చిగుళ్లు తొడిగాయని ఫొటోలు కూడా పంపాడు. జనవరిలో ఫోన్ చేసి, “అన్నా, నాలుగూ ఎండిపోయినయ్” అన్నాడు.

వీడియో కాల్‌లో కొమ్మ బెరడును గోటితో గీకి చూపించమన్నాను. కొసన గోధుమ రంగు, నడుమన గోధుమ రంగు. మట్టికి జానెడు ఎత్తున మాత్రం రెండు మొక్కల్లో సన్నని పచ్చ గీత కనిపించింది.

నిజానికి దానిమ్మ చలికి పనికిరాని చెట్టు కాదు. మన దగ్గర ఏడాది పొడవునా పచ్చగా ఉంటుంది కాబట్టి రైతులు నెల, నెలన్నర నీళ్లు ఆపి, ఆకు రాల్చి, ఆ తర్వాత నీరూ ఎరువూ ఇచ్చి తమకు కావలసిన కాలంలో పూత తెప్పిస్తారు. చలి ప్రాంతంలో ఆ పని శీతాకాలమే చేస్తుంది. ఆకు రాల్చి నిద్రలోకి వెళ్లిన ముదురు చెట్టు మైనస్ 10 డిగ్రీల వరకు సాధారణంగా ఓర్చుకుంటుంది. ఆ ఓర్పు లేత కొమ్మకు ఉండదు. చలి ముదిరే నెలల్లో నత్రజని, నీళ్లు ఇస్తే మొక్క నిద్రపోవలసిన వేళ చిగురు వేస్తుంది, మంచు మొదట పట్టుకునేది ఆ చిగురునే. అక్కడ నాటవలసింది శరదృతువులో కాదు, చలి తగ్గే ఫిబ్రవరి చివర, మార్చిలో. అలా నాటితే వేసవంతా వేరు పట్టడానికి సమయం దొరుకుతుంది. నీరు నిలవని, దక్షిణపు ఎండ తగిలే గోడ వార అయితే ఇంకా మేలు.

కులూ వాళ్లకు ఇది కొత్త సంగతి కాదు. ఆ కొండల్లో అడవి దానిమ్మ తనంతట తానే పెరుగుతుంది. దాని పుల్లటి గింజలను ఎండబెట్టి అనార్‌దానాగా అమ్ముతారు. ఆ చెట్టును అక్కడివాళ్లు ‘దారు’ అంటారని విని మా తమ్ముడు మొదట వేరే అర్థం తీసుకున్నాడట. తోటల్లో వాళ్లు చాలాకాలంగా పెంచుతున్నది కాంధారీ రకం. భగువాకు పూత నుంచి కోతకు దాదాపు ఆరు నెలలు పడుతుంది కాబట్టి, మే నెలలో పూసే చోట కాయ పండేసరికి చలి మళ్లీ మొదలవుతుంది. ఇంకా కఠినమైన చలి ఉండే ఉజ్బెకిస్తాన్‌లో పొదను నాలుగైదు కాండాలతో పెంచి, శీతాకాలం రాగానే వాటిని నేలకు వంచి మట్టితో కప్పుతారు, వసంతంలో తవ్వి లేపుతారు. మన నర్సరీ యజమాని మాత్రం ఒక్క కాండమే ఉంచి మిగతావి కోసేయమన్నాడు. చలిలో ఆ ఒక్క కాండం పోతే పైభాగం మొత్తం పోయినట్టే.

రెండు మొక్కలు పూర్తిగా చచ్చాయి. మిగిలిన రెండింటికి ఏప్రిల్‌లో మట్టిలోంచి పిలకలు వచ్చాయి. ఇక్కడ గూటీ అంటు విలువ తెలిసింది: వేరూ కొమ్మా ఒకే చెట్టువి కాబట్టి అడుగు నుంచి వచ్చిన పిలక కూడా భగువాయే. వేరే వేరు మీద కట్టిన అంటయితే పిలక ఇంకేదో రకం అయ్యేది.

మొన్న నర్సరీకి వెళ్లి ఇదంతా చెప్పాను. యజమాని విసుక్కోలేదు. చచ్చిన రెండు మొక్కలకు బదులు రెండు ఇస్తానన్నాడు, ఫిబ్రవరిలో తీసుకుంటానన్నాను. యూరియా పొట్లం మాత్రం ఇంకా ప్రతి మొక్కతోనూ, ఎక్కడికి తీసుకెళుతున్నారని అడగకుండానే ఇస్తున్నారు. మొక్కకు ఐదుకు నాలుగున్నర, సలహాకు ఒకటిన్నర. ఉమ్మడి పాలమూరు, నల్లగొండ జిల్లాల్లో నాటుకునేవారు నిశ్చింతగా కొనవచ్చు. చలి ప్రాంతంలోని బంధువుల కోసం కొనేవారు మొక్కను తీసుకుని పొట్లాన్ని అక్కడే వదిలి రావాలి.