గుంటూరులో డ్రయ్యర్ ఎందుకే అన్నారు: నాలుగేళ్ల వాషర్ డ్రయ్యర్ అనుభవం

"గుంటూరు ఎండని మించిన డ్రయ్యర్ ఏముందే?" అని మా అన్నయ్య ఫోన్లో ఒకటే నవ్వు. 2021 దసరాకి మేం ఉతికి ఆరబెట్టే ఈ టూ ఇన్ వన్ మిషన్ కొన్నప్పటి మాట ఇది. ఆయన అన్నదాంట్లో తప్పేం లేదు. మే నెలలో మా డాబా మీద చీర ఆరేస్తే, రెండో కొంగు సర్దేలోపు మొదటి కొంగు పెళపెళలాడుతుంది. అలాంటి ఊళ్లో యాభై ఎనిమిది వేలు పోసి బట్టలారేసే మిషన్ కొనడమంటే నవ్వరా మరి!

మా ఇంటి సంగతి చెబితే గానీ తక్కినది అర్థం కాదు. బ్రాడీపేటలో మూడో అంతస్తు, రెండు పడగ్గదుల ఫ్లాటు. నేను, మా వారు, ఇప్పుడు రెండో క్లాసుకొచ్చిన పాప, మా అత్తయ్యగారు. బాల్కనీ వెడల్పు మూడడుగులు, ఎదురుగా పక్క అపార్ట్‌మెంటు గోడ. ఎండ రోజుకి ముప్పావుగంట పడితే గొప్ప. డాబా మీద పదహారు ఫ్లాట్లకీ కలిపి ఆరు దండేలు. పొద్దున ఆరున్నరకే ఎవరో ఒకరు పక్క దుప్పట్లు పరిచేసి రెండు దండేలు కబ్జా చేస్తారు. మేమిద్దరం ఏడున్నరకల్లా ఉద్యోగాలకి వెళ్లిపోతాం. మధ్యాహ్నం మబ్బు పడితే డాబా ఎక్కి బట్టలు తీసేవాళ్లు లేరు. లిఫ్టు దిగాక ఇంకో వరస మెట్లెక్కాలి, అత్తయ్యగారి మోకాళ్లతో అది అయ్యే పని కాదు. శ్రావణం నుంచి కార్తీకం దాకా ఇల్లంతా కుర్చీల మీద చొక్కాలు, తలుపుల మీద తువ్వాళ్లు, వాటికి ముక్కిన వాసన. మా గొడవ ఎండాకాలంతో కాదు, ఆ నాలుగు నెలలతో.

రెండు మిషన్లు పెట్టుకునే చోటు లేదు కాబట్టి ఒకే దాంట్లో రెండు పనులూ అన్నది కొన్నాం.

ఇక్కడే మొదటి దెబ్బ తిన్నాం. మిషన్ మీద 8 కిలోలు అని పెద్దగా, 5 కిలోలు అని చిన్నగా రాసి ఉంది. షాపులో కుర్రాడి వేలు ఎనిమిది మీదే తిరిగింది. ఉతికేది ఎనిమిది, ఆరబెట్టేది ఐదు. అంటే నిండా వేసి ఉతికితే, మధ్యలో మిషన్ ఆపి, మూడు కిలోల తడిబట్టలు తీసి ఎక్కడో ఒకచోట ఆరేసుకోవాలి. ఎక్కడ ఆరేస్తాం? ఆ చోటు లేకనే కదా ఇది కొన్నది! బట్టలు ఆరాలంటే డ్రమ్ములో ఎగిరెగిరి పడాలి, వాటి మధ్యకి వేడిగాలి దూరాలి. విడిగా అమ్మే డ్రయ్యర్‌లో డ్రమ్ము పెద్దది, దీంట్లో ఉతికే డ్రమ్మే ఆరబెట్టే డ్రమ్ము. అందుకే ఆ తేడా.

ఆ ఐదు కూడా కాగితం మీదే. నిజంగా ఐదు కిలోలు వేస్తే మధ్యలో ఉన్నవి చెమ్మగానే ఉంటాయి, పైవి అప్పడాల్లా అవుతాయి. నాలుగేళ్లలో నాకు కుదిరిన లెక్క మూడున్నర కిలోలు. అంటే రెండు తువ్వాళ్లు, పాప యూనిఫారాలు రెండు జతలు, మా వారి చొక్కాలు రెండు, ఒక ప్యాంటు, లోపలి బట్టలు. అంతే. మీ ఇంట్లో ఒకరోజు విడిచిన బట్టలు ఇంతకి మించితే ఈ మిషన్ మీకు చాలదు. కొనేటప్పుడు పెద్ద అంకె చూడకండి, చిన్న అంకె చూసి దాంట్లోంచి మూడో వంతు తీసేయండి.

టైము సంగతీ అంతే. ఉతకడానికి గంటన్నర, ఆరడానికి రెండున్నర నుంచి మూడున్నర గంటలు. సాయంత్రం ఆరింటికి వేస్తే పదకొండు. ఆరుతున్నంతసేపూ ఇంకో వాయి ఉతకడానికి లేదు, మిషన్ ఒకటే కదా. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగినప్పుడు మా అక్కావాళ్లు నలుగురూ మా ఇంటికి వచ్చేశారు, బురదలో నానిన బట్టలు మూడు గోతాల నిండా. ముందు బాత్‌రూంలో బకెట్లతో బురద వదలగొట్టి మిషన్‌లో వేస్తే, రోజంతా తిప్పినా మూడు వాయిలే తెమిలాయి. మూడోరోజు ఎండ కాసింది. మిగిలిన రెండు గోతాలూ డాబా మీద ఒక్క మధ్యాహ్నంలో ఆరిపోయాయి. అక్క నన్ను చూసిన చూపు ఇప్పటికీ గుర్తే.

కరెంటు గురించి అందరూ అడుగుతారు. ప్లగ్గుకి తగిలించే చిన్న మీటరు కొని నెల రోజులు రాసిపెట్టాను. చన్నీళ్లతో ఉతికితే పావు యూనిట్, నలభై డిగ్రీల మీద ఉతికితే ముప్పావు దాకా. మూడున్నర కిలోల నూలు బట్టలు పూర్తిగా ఆరబెడితే మూడు యూనిట్లు. ఉతకడం కాదు, ఆరబెట్టడమే కరెంటు తాగుతుంది. మనకి శ్లాబులు కదా, నెలకి 225 యూనిట్లు దాటాక ప్రతి యూనిటూ 8.75 రూపాయలు. మా ఇంట్లో మామూలు నెలకి 190 వస్తుంది. రోజూ ఆరబెట్టిన నెలలో 280 వచ్చింది. ఆ తొంభై యూనిట్లకి దాదాపు ఏడు వందలు, పైన వేసే సర్దుబాటు చార్జీలు వేరే. వారానికి రెండుసార్లయితే పెద్దగా తెలియదు. ఇన్వర్టర్ మీద మాత్రం ఆశ పెట్టుకోకండి, హీటరు మోయలేదు. పదహారు ఆంపియర్ల ప్లగ్గు కావాలి. మా బాల్కనీలో ఆరు ఆంపియర్లదే ఉంటే గోడ పగలగొట్టి వైరు మార్పించాం.

ఎవరూ చెప్పనిది ఒకటుంది, నీళ్లు. మా మోడల్ ఆరబెట్టేటప్పుడు కూడా నీళ్లు వాడుతుంది. బట్టల్లోంచి లేచిన ఆవిరి వెనక గొట్టంలోకి వెళ్తుంది, అక్కడ చల్లటి కుళాయి నీళ్లు తగిలి మళ్లీ నీరై బయటికి పోతుంది. మరి ఏప్రిల్, మే నెలల్లో మా ట్యాంకు నీళ్లు మధ్యాహ్నానికి చెయ్యి పెట్టలేనంత వేడి. వేడి నీళ్లు ఆవిరిని ఏం చల్లారుస్తాయి? ఒకసారి సరదాకి మే నెలలో తువ్వాళ్లు వేస్తే నాలుగు గంటలు తిప్పి చెమ్మగానే ఇచ్చింది. అదే నవంబరులో రెండు గంటల నలభై నిమిషాలు. అలాగే ఒకరోజు వాచ్‌మన్ మోటారు వేయడం మర్చిపోయి ట్యాంకు ఖాళీ అయింది. మిషన్ మధ్యలో ఎర్రర్ చూపించి ఆగింది, తలుపు తాళం పడిపోయింది. లోపల పాప యూనిఫారం. పొద్దున ఆరింటికి ఇస్త్రీపెట్టెతో ఆరబెట్టి పంపాను.

ఇంత చెప్పాక కూడా దీన్ని అమ్మేయనిది ఎందుకంటే, ఒక అక్టోబరులో మా ఆడపడుచు పురిటికి వచ్చింది. మూడు వారాలు ముసురు. రోజుకి ఇరవై పొత్తిగుడ్డలు, బాలింత బట్టలు, దుప్పట్లు. అవన్నీ కలిపినా మూడు కిలోలు దాటవు, పైగా పల్చటి నూలు, గంటన్నరలో వెచ్చగా చేతికొచ్చేవి. మా అత్తయ్యగారు మొదట్లో ఒప్పుకోలేదు. "పసిగుడ్డల్ని సాంబ్రాణి పొగ మీద ఆరబెట్టాలి గానీ మిషన్లో ఏంటమ్మాయ్?" అన్నారు. నాలుగోరోజు ఆవిడే వచ్చి ఒక గుడ్డ తీసి చెంపకి ఆనించి చూసుకుని, ఏమీ అనకుండా మడతపెట్టుకుని వెళ్లారు. మర్నాటి నుంచి సాంబ్రాణి పళ్లెం ఉయ్యాల దగ్గరికే పరిమితమైంది. ఆ 280 యూనిట్ల బిల్లు ఆ నెలదే, కట్టినప్పుడు బాధ అనిపించలేదు.

అత్తయ్యగారి మడిబట్ట మాత్రం ఈ మిషన్ గడప తొక్కదు. అది కప్పుకి కట్టిన వెదురు మీదే. అలాగే చీరలు. నా మంగళగిరి నూలు చీరొకటి తెలియక వేశాను. డ్రమ్ములో మెలికపడి మోకులా బయటికొచ్చింది. అంచు ముడతలు ఇస్త్రీ అబ్బాయి రెండుసార్లు నీళ్లు చల్లి రుద్దినా పూర్తిగా పోలేదు. గంజి పెట్టే బట్టలకి దండెమే దిక్కు. పాప గౌను ఒకటి పొట్టి అయిపోయింది కూడా. బాగా ఆరేవి స్కూలు యూనిఫారాలు, సాక్సులు, తువ్వాళ్లు. ఆగిన వెంటనే తీసి దులిపి మడతపెట్టాలి, రాత్రంతా డ్రమ్ములో వదిలేస్తే ముడతలు అలాగే ఉండిపోతాయి.

నూగు గురించి కూడా రాయాలి. విడి డ్రయ్యర్‌కి జల్లెడలాంటి ఫిల్టరు ఉంటుంది, ఊడదీసి దులుపుకోవచ్చు. మా దాంట్లో అది లేదు. తువ్వాళ్లు ఆరబెట్టాక నల్ల లెగ్గింగ్ ఉతికితే దాని నిండా తెల్ల నూగే. ఇప్పుడు తువ్వాళ్ల తర్వాత ఉత్తినే ఒక రిన్స్ తిప్పి, తలుపు రబ్బరు మడతలు తడిగుడ్డతో తుడుస్తాను. పోయినేడు ఉన్నట్టుండి ఆరడానికి ఐదు గంటలు పట్టడం మొదలైంది. సర్వీసు నుంచి వచ్చినాయన విప్పకుండానే హీటరు పోయింది, ఆరున్నర వేలు అన్నాడు. మా వారు ఒక్కరోజు ఆగమని, తెలిసిన మెకానిక్‌ని తీసుకొచ్చారు. అతను పై మూత విప్పి, వెనక గొట్టంలోంచి బూడిదరంగు ముద్ద ఒకటి లాగాడు, అరచేయంత, తడిసిన దూదిలా. తొమ్మిది వందలు తీసుకున్నాడు. మర్నాడు మళ్లీ మూడు గంటలే.

బోరు నీళ్లు వచ్చే అపార్ట్‌మెంట్లయితే హీటరుకి సున్నం పట్టడం ఖాయం. రెండు నెలలకోసారి నిమ్మఉప్పు వేసి ఖాళీ మిషన్‌ని వేడినీళ్ల మీద తిప్పుతున్నాను. చప్పుడు భరించదగ్గదే. ముక్కిన వాసన పట్టకుండా, వాడనప్పుడు మిషన్ తలుపు మాత్రం ఎప్పుడూ ఓరగా తెరిచి ఉంచుతాం.

మొన్న కింద ఫ్లాటు పిన్నిగారు కొనమంటావా అని అడిగారు. ముందు మీ బాల్కనీ చూపించండి అన్నాను. తూర్పు ముఖం, పొద్దున్నుంచి పదకొండు దాకా మంచి ఎండ, ఇంట్లో ఎప్పుడూ మనిషి ఉంటారు. మామూలు ఫ్రంట్ లోడ్ తీసుకుని, తాడు లాగితే కప్పుకి వెళ్లే దండేలు రెండు వేలలో బిగించుకోండి, ముసుర్లో ఫ్యాను వేస్తే చాలని చెప్పాను. బాగా చెప్పావమ్మా అని కాఫీ ఇచ్చారు. నెల తిరక్కుండానే మా దానికన్నా రెండు కిలోలు పెద్దది, అదే టూ ఇన్ వన్ దించారు. ఇప్పటికి మూడుసార్లు ఆరబెట్టారట, మూడుసార్లూ తువ్వాళ్లే.