మూడు వాట్ల ఆంప్‌తో ఐదేళ్లు

కడపలో ఎండాకాలం రాత్రి తొమ్మిది దాటితే గాని మిద్దె మీద కూర్చోలేము. పగలంతా కాగిన గచ్చు మీద నీళ్లు చల్లి, చాప పరిచి, పక్కన ఈ చిన్న ఆంప్ (గిటారు శబ్దాన్ని పెంచి వినిపించే స్పీకరు పెట్టె) పెట్టుకుని గిటారు వాయించుకోవడం ఐదేళ్లుగా నాకు అలవాటు. ఇది రోలాండ్ మైక్రో క్యూబ్ జీఎక్స్. బరువు మూడు కిలోల లోపే. ఒక చేత్తో గిటారు, ఇంకో చేత్తో ఇది పట్టుకుని మెట్లెక్కేయవచ్చు.

కొంటానని చెప్పినప్పుడు అందరూ ముందు అడిగింది "ఎన్ని వాట్లు?" అనే. మూడు అనగానే పెదవి విరిచారు. కానీ వాట్లు పది రెట్లు పెరిగితే గాని చెవికి మోత రెండింతలు అనిపించదు. స్పీకర్లు ఒకే తీరువైతే, ముప్పై వాట్ల ఆంప్ దీనికి దాదాపు రెట్టింపుగా వినిపిస్తుందే తప్ప పదింతలుగా కాదు. పాప నిద్రపోయాక వాయించుకునే నాబోటివాడికి కావలసింది మోత కాదు, సన్నగా వాయించినా స్వరం పలచబడకపోవడం. అందుకే దుకాణంలో మొత్తం మోతను అదుపు చేసే మాస్టర్ నాబ్ బాగా తగ్గించి, అన్నిటికన్నా లావైన ఆరో తీగను, ఆ తర్వాత సన్నటి ఒకటో తీగను మీటి చూశాను. మీరు ఏ కంపెనీది కొన్నా ఈ పరీక్ష చేయండి. పెద్దగా పెట్టి వాయిస్తే ఏ ఆంప్ అయినా కాసేపు బాగుందనే అనిపిస్తుంది.

ఇందులో స్వరానికి గరగర తెచ్చే గెయిన్ నాబ్ వేరు, మాస్టర్ వేరు. గెయిన్ పెంచి మాస్టర్ తగ్గిస్తే, గరగరలాడే రాక్ స్వరం కూడా పక్క గదికి వినపడనంత మెల్లగా వస్తుంది. ఎనిమిది రకాల స్వరాలున్నా నేను తిరిగి తిరిగి చేరేది రెండింటి దగ్గరికే. ఒకటి జేసీ క్లీన్. 1975లో వచ్చిన రోలాండ్ జాజ్ కోరస్ ఆంప్ స్వరానికి అనుకరణ ఇది. కాస్త రివర్బ్ (పెద్ద హాలులో మోగినట్టుండే ప్రతిధ్వని) కలిపితే మిద్దె మీది గాలికి ఎంత హాయిగా ఉంటుందో! రెండోది బ్లాక్ ప్యానెల్. గెయిన్ సగానికి పెట్టి మెల్లగా మీటితే తేటగా పలుకుతుంది, గట్టిగా మీటితే అంచున సన్నటి జీర తగులుతుంది. నా కుడిచేతి ఒత్తిడిలో తేడాలు నాకు తెలిసివచ్చింది ఆ జీర వల్లే.

స్పీకరు ఐదు అంగుళాలే. ఆరో తీగ మూలస్వరం దాదాపు 82 హెర్ట్జ్‌. అంత మంద్రాన్ని ఈ పరిమాణం నిండుగా పలికించలేదు. గోడ మూలకు జరిపితే కొంత నిండుతనం వస్తుంది. ముందువైపు కింద చిన్న ఇటుక ముక్క పెట్టి ముఖం పైకి వంచితే, శబ్దం మోకాళ్లకు కాక చెవులకు తగులుతుంది.

కరెంటు పోయినా పాట ఆగదు, ఆరు పెన్సిల్ సెల్స్ చాలు. ఆల్కలైన్ వేస్తే దాదాపు 25 గంటలని కంపెనీ మాట. ఒక వానాకాలం వాటిని లోపలే వదిలేసి రెండు నెలలు ముట్టుకోలేదు. మూత తీస్తే స్ప్రింగుల మీద తెల్లటి పొడి. కారింది క్షారం కాబట్టి, పుల్లకు దూది చుట్టి నిమ్మరసంలో ముంచి తుడిచాను. సన్నగా నురగ వచ్చింది. తడి దూదితో మళ్లీ తుడిచి, పూర్తిగా ఆరనిచ్చాక బతికింది. అడాప్టర్ పోయినప్పుడు బజారులో చవకది తెచ్చాను. పెట్టగానే ఒకటే గుయ్యిమనే చప్పుడు, సెల్స్ మీదికి మారిస్తే పూర్తిగా నిశ్శబ్దం. ఇంకో జాగ్రత్త కూడా ఉంది: దీనికి 9 వోల్టులు, లోపలి సూది నెగటివ్. ఇంట్లో ఉన్న ఏదో ఒక అడాప్టర్ గుచ్చకండి.

డిసెంబరులో మా చర్చి యువకులతో ఇంటింటికీ కేరల్స్‌కు తీసుకెళ్లాను. వరండాలో నలుగురైదుగురు పాడితే చక్కగా సరిపోయింది. వీధిలో డ్రమ్ము, ఇరవై గొంతులు కలిసేసరికి నా గిటారు నాకే వినపడలేదు. మైకు పెట్టి పాడుకోవడానికి ఒక స్వరం కూడా ఇందులో ఉంది, కానీ ఇన్‌పుట్ ఒక్కటే కాబట్టి మైకో గిటారో తేల్చుకోవాలి. మరుసటి ఏడు అందరం డబ్బు పోగుచేసి, రెండు ఇన్‌పుట్‌లున్న పెద్దది ఒకటి చర్చికి కొన్నాం. ఇది మళ్లీ మిద్దె మీదికి చేరింది.